మధ్యాహ్నం ఒంటిగంటకే బోర్డు ఎందుకు హ్యాంగ్ అవుతోంది? (డీడీఆర్3, క్యాలిబ్రేషన్)

ఓర్వకల్లు_ఎండ · మే 6, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. నలుగురం కలిసి సోలార్ ప్లాంట్లకు డేటా లాగర్ బోర్డులు తయారు చేస్తాం. ఇన్వర్టర్ల నుంచి రీడింగులు తీసుకుని సర్వర్‌కి పంపడం వాటి పని. ప్రాసెసర్ ఐ.ఎంఎక్స్6, మెమరీ డీడీఆర్3ఎల్ (డీడీఆర్3లో తక్కువ వోల్టేజీ రకం), 16 బిట్ల చిప్పులు రెండు, క్లాక్ 528 మెగాహెర్ట్జ్.

ఓర్వకల్లు దగ్గర ఒక ప్లాంటులో 40 బోర్డులు పెట్టాం. మార్చి దాకా ఒక్క ఫోను రాలేదు. ఏప్రిల్ రెండో వారం నుంచి 9 బోర్డులు మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఒంటిగంటకు ఆగిపోతున్నాయి. పవర్ తీసి పెడితే అరగంట నడిచి మళ్లీ ఆగుతున్నాయి. సాయంత్రం ఐదు దాటితే వాటంతట అవే బాగుంటాయి, రాత్రంతా ఒక్క తప్పు ఉండదు. లాగ్ చూస్తే ప్రతిసారీ వేరే చోట కూలుతోంది: ఒకసారి నెట్‌వర్క్ కోడ్‌లో, ఒకసారి ఫైల్ సిస్టమ్‌లో. సాఫ్ట్‌వేర్ తప్పయితే ఒకేచోట పడాలి కదా.

పాడైన బోర్డు ఒకటి తెచ్చి లాబ్‌లో రాత్రంతా మెమరీ టెస్ట్ నడిపాం. పాస్. అక్కడే బుర్ర పనిచేయడం మానేసింది. క్లయింటు రోజూ ఫోన్ చేస్తున్నారు, టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా జరిగిందా?

కడప_రిపేరన్న · మే 6, రాత్రి 9:48

అక్కా, ముందు పవర్ సప్లై చూడండి. ఎండాకాలం నా దగ్గరికి వచ్చే వాటిలో సగం కెపాసిటర్ ఉబ్బినవే. మెమరీకి వెళ్లే 1.35 వోల్టులు మధ్యాహ్నం కూడా 1.35 ఉంటున్నాయా?

ఓర్వకల్లు_ఎండ · మే 6, రాత్రి 10:05

చూశాం అన్నా. ఆగిన బోర్డు మీదే మీటర్ పెట్టి కొలిస్తే 1.34 ఉంది. స్కోప్‌లో రిపుల్ (వోల్టేజీలో హెచ్చుతగ్గుల అల) కూడా పెద్దగా లేదు.

గడియారస్తంభం_సార్ · మే 7, ఉదయం 6:10

అమ్మా, అనంతపురం నుంచి రాస్తున్నాను. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చాలా ఏళ్లు చెప్పాను, ఇప్పటికీ చెబుతున్నాను. మూడు ప్రశ్నలు. మీ లాబ్‌లో ఏసీ ఉందా? మధ్యాహ్నం పెట్టెలో మెమరీ చిప్ ఎంత వేడెక్కుతోందో కొలిచారా? మెమరీ క్యాలిబ్రేషన్ విలువలు బోర్డు స్టార్ట్ అయినప్పుడు లెక్కగడుతున్నారా, లేక ముందే రాసిపెట్టారా?

ఓర్వకల్లు_ఎండ · మే 7, ఉదయం 8:30

ఏసీ ఉంది సార్, 24లో పెడతాం. నిన్న ప్లాంటు మనిషితో థర్మోకపుల్ పెట్టించాం, బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు చిప్ మీద 71 చూపించింది. విలువలు రాసిపెట్టినవే. రెండేళ్ల కిందట మొదటి నమూనా బోర్డు మీద ఒకసారి క్యాలిబ్రేషన్ నడిపాం, వచ్చిన అంకెలను, బోర్డు లేచేటప్పుడు మొదట నడిచే బూట్ కోడ్‌లో పెట్టాం. అప్పటి నుంచి అన్ని బోర్డులకూ అవే.

గడియారస్తంభం_సార్ · మే 7, ఉదయం 9:15

71 అంటే రిఫ్రెష్ (మెమరీ తనలోని డేటా చెరిగిపోకుండా మళ్లీ మళ్లీ నింపుకోవడం) మీద అనుమానం తీసేయవచ్చు. 85 దాటితేనే డీడీఆర్3ని రెట్టింపు వేగంతో రిఫ్రెష్ చేయాలి, 64 మిల్లీసెకన్ల బదులు 32 మిల్లీసెకన్లలో మొత్తం చుట్టి రావాలి. మీరు ఆ గీత దాటలేదు.

నా అనుమానమంతా ఆ రాసిపెట్టిన అంకెల మీదే. ఒక బోర్డు అంకెలు ఇంకో బోర్డుకు పెట్టడమంటే ఒకరి కళ్లజోడు ఇంకొకరికి పెట్టడమే. కొంతమందికి సరిపోతుంది కూడా, అందుకే మోసపోతాం.

ఫైనలియర్_ఈసీఈ · మే 7, ఉదయం 10:02

సార్, నేను చివరి సంవత్సరం విద్యార్థిని. మెమరీకి క్యాలిబ్రేషన్ ఎందుకో మాకు క్లాసులో చెప్పలేదు. అడ్రస్ ఇస్తే డేటా వస్తుంది, అంతే కదా అనుకున్నాను. కొంచెం వివరంగా చెబుతారా?

గడియారస్తంభం_సార్ · మే 7, మధ్యాహ్నం 2:40

బాబూ, మంచి ప్రశ్న. తీరిగ్గా చెబుతాను.

ముందు సమయం ఎంత తక్కువో చూడు. 528 మెగాహెర్ట్జ్ అంటే ఒక క్లాక్ చుట్టు 1.89 నానోసెకన్లు. డీడీఆర్‌లో క్లాక్ లేచేటప్పుడు ఒక బిట్, పడేటప్పుడు ఒక బిట్. కాబట్టి ఒక బిట్‌కు దొరికేది 947 పికోసెకన్లు (నానోసెకనులో వెయ్యో వంతు ఒక పికోసెకను). డీడీఆర్4లో 3200 వేగానికి అది 312 పికోసెకన్లకు పడిపోతుంది. బోర్డు మీద రాగి గీతలో సిగ్నల్ ఒక మిల్లీమీటరు పోవడానికి సుమారు 7 పికోసెకన్లు పడుతుంది. అంటే గీత పొడవులో ఒక సెంటీమీటరు తేడా వచ్చినా 70 పికోసెకన్లు పోయినట్టే.

ఇక దారి. డీడీఆర్2 దాకా క్లాకు, అడ్రసు గీతలను చెట్టు కొమ్మల్లా చీల్చి అన్ని చిప్పులకూ సమాన దూరంలో తీసుకెళ్లేవారు. వేగం పెరిగేకొద్దీ ఆ చీలికల దగ్గర సిగ్నల్ తిరిగి కొట్టి పాడైపోయేది. 2007లో డీడీఆర్3 ప్రమాణంతో పాటు ఫ్లై-బై పద్ధతి వచ్చింది. ఒకే గీత మొదటి చిప్‌ను తాకి, రెండోదాన్ని తాకి, అలా చివరిదాకా పోతుంది. మన వీధి కుళాయిలనే చూడు. మునిసిపాలిటీ వాళ్లు వాల్వు తిప్పితే మొదటి ఇంటికి ముందు నీళ్లు వస్తాయి, వీధి చివరి ఇంటికి కాసేపటికి వస్తాయి. క్లాక్ కూడా అంతే. డేటా గీతలు మాత్రం ప్రతి చిప్‌కూ నేరుగా వెళతాయి. డేటా ముందే చేరి కూర్చుంటుంది, క్లాక్ ఇంకా దారిలో ఉంటుంది.

దీనికి మందు రైట్ లెవెలింగ్, అంటే రాసేటప్పటి సర్దుబాటు. ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్, ఒక్కో మెమరీ చిప్‌ను ఒక ప్రత్యేక మోడ్‌లో పెట్టి డీక్యూఎస్ అనే స్ట్రోబ్ (డేటాను ఎప్పుడు అందుకోవాలో చెప్పే సంకేతం) పంపుతుంది. స్ట్రోబ్ లేచిన క్షణంలో తన దగ్గర క్లాక్ కింద ఉందా పైన ఉందా అని చిప్ చూసి, డేటా గీత మీద 0 లేదా 1 అని జవాబిస్తుంది. 0 వస్తే కంట్రోలర్ స్ట్రోబ్‌ను ఇంకొంచెం ఆలస్యం చేస్తుంది. మళ్లీ 0. ఇంకొంచెం. 0 నుంచి 1కి మారిన చోట ఆగుతుంది. అక్కడ స్ట్రోబు, క్లాకు కలిసి చేరాయని అర్థం. చివరి ఇంటికి ఫోన్ చేసి "నీళ్లొచ్చాయా?" అని అడగడమే.

చదివేటప్పుడు ఇంకో రెండు చిక్కులున్నాయి. డీక్యూఎస్ గీత రెండు వైపులా వాడేది. ఎవరూ నడపని వేళ దాని మీద అర్థం లేని అలజడి ఉంటుంది. చిప్ జవాబు మొదలయ్యే ముందు వచ్చే చిన్న ముందస్తు సంకేతం, అంటే ప్రియాంబుల్‌లోనే కంట్రోలర్ తలుపు తెరవాలి. ముందు తెరిస్తే చెత్త లోపలికి వస్తుంది, ఆలస్యమైతే మొదటి బిట్ పోతుంది. దీన్ని గేట్ ట్రైనింగ్ అంటారు. రెండోది, చిప్ పంపేటప్పుడు డేటా మారే అంచూ స్ట్రోబ్ అంచూ ఒకేసారి వస్తాయి. మారుతున్న క్షణంలో చదివితే ఏం దొరుకుతుంది? అందుకే కంట్రోలర్ స్ట్రోబ్‌ను పావు చుట్టు ఆలస్యం చేసి బిట్ నడిమధ్యలో చదవాలి. ఆ పావు అనేది కాగితం మీది లెక్క. నిజం బోర్డులో ఎంత జరపాలన్నది ప్రతి బైటుకూ వేరుగా ఉంటుంది.

ఫైనలియర్_ఈసీఈ · మే 7, మధ్యాహ్నం 3:05

ధన్యవాదాలు సార్. కుళాయి ఉదాహరణతో బాగా అర్థమైంది. కానీ గీతలన్నీ సమాన పొడవులో వేస్తే ఈ బాధ ఉండదు కదా?

ప్రొద్దుటూరు_లేఔట్ · మే 7, సాయంత్రం 6:30

నేను లేఔట్ పని, అంటే బోర్డు మీద గీతలు గీసే పని చేస్తాను, ఇంటి నుంచే. తమ్ముడూ, ఒక బైటులోని ఎనిమిది డేటా గీతలూ వాటి స్ట్రోబూ సమానంగా ఉండేట్టు మేం పాములా మెలికలు తిప్పి మరీ వేస్తాం. అయినా చాలదు. ప్రాసెసర్ ప్యాకేజీ లోపల కూడా గీతలున్నాయి, వాటి పొడవులు వేరు. వయా (పొరలను కలిపే రంధ్రం) గుండా కింది పొరకు దిగితే అదొక తేడా. చిప్పుకూ చిప్పుకూ తేడా. వీటన్నిటి పైన వోల్టేజీ, వేడి. గీసేటప్పుడు తగ్గించగలం కానీ సున్నా చేయలేం. మిగిలింది క్యాలిబ్రేషన్ చూసుకోవాలి.

ఓర్వకల్లు అక్కా, ఒక మాట. ఆ అంకెలు తీసిన నమూనా బోర్డూ ఇప్పటి బోర్డూ ఒకటే లేఔటా?

ఓర్వకల్లు_ఎండ · మే 7, రాత్రి 8:15

కాదు. ఇది రెండో వెర్షన్. ఈథర్నెట్ చిప్ మార్చినప్పుడు కొంచెం జరిపారు. మెమరీని ముట్టుకోలేదని చెప్పారు. రేపు ఫైళ్లు తీసి చూస్తాను.

కడప_రిపేరన్న · మే 7, రాత్రి 9:00

మీరు మాట్లాడేది నాకు రోజూ ఎదురయ్యేదే, పేరే వేరు. డీడీఆర్5 మెమరీతో కొత్త కంప్యూటర్ కట్టి ఇస్తాను. ఇంటికి తీసుకెళ్లి ఆన్ చేస్తారు, స్క్రీన్ నల్లగా ఉంటుంది, బోర్డు మీద మెమరీ లైటు వెలుగుతుంది. రెండు నిమిషాలు చూసి "అన్నా, చచ్చిపోయింది" అని ఫోను. చచ్చిపోలేదు, మెమరీ ట్రైనింగ్ జరుగుతోంది. నాలుగు స్టిక్కులు పెట్టినా, పెద్ద సైజువి పెట్టినా ఇంకా ఎక్కువసేపు పడుతుంది. మధ్యలో స్విచ్ తీసేస్తే మళ్లీ మొదటి నుంచి మొదలు. గత నెల ఒకాయన అలా ఐదుసార్లు తీసి పెట్టి, చివరికి బండి మీద పెట్టుకుని షాపుకు తెచ్చాడు. నేను ఆన్ చేసి, టీ తాగొద్దాం పదండి అన్నాను. వచ్చేసరికి స్క్రీన్ వచ్చి ఉంది.

ఒకసారి నేర్చుకున్న విలువలను దాచుకుని తర్వాత వాటితోనే లేచే ఆప్షన్ బయోస్‌లో ఉంటుంది. ఏఎండీ బోర్డుల్లో మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ అంటారు. అది ఆన్ చేసి మెషీన్ తడబడితే నేను ఆఫ్ చేసి ఇచ్చేస్తా. ఆలస్యంగా లేచినా పర్వాలేదు, పని మధ్యలో పడిపోకూడదు.

గడియారస్తంభం_సార్ · మే 8, ఉదయం 6:25

రిపేరన్న అనుభవం విలువైనది. డీడీఆర్5లో నేర్చుకోవాల్సినవి పెరిగాయి. డేటా గీతలతో పాటు కమాండ్ గీతలకూ ట్రైనింగ్ ఉంది, 0కీ 1కీ మధ్య గీత ఎక్కడ పెట్టాలన్న వోల్టేజీ కూడా వెతుక్కోవాలి. అందుకే ఆ నిమిషాలు.

అమ్మా, మీ ప్రాసెసర్‌లో ఈ పనంతా చేసే యంత్రాంగం కంట్రోలర్ లోపలే ఉంది. దానికి చెబితే చాలు, ఆలస్యాన్ని ఒక్కో మెట్టు జరుపుతూ, తెలిసిన పాటర్న్ సరిగ్గా వస్తోందా అని తనే పోల్చి చూసి, పాసైన మొదటి మెట్టూ చివరి మెట్టూ గుర్తుపెట్టుకుని మధ్యలో నిలబడుతుంది. ఒక మెట్టు క్లాక్ చుట్టులో 256వ వంతు, అంటే మీకు 7.4 పికోసెకన్లు. ఆ అంచుల అంకెలు స్టేటస్ రిజిస్టర్లలో చదువుకోవచ్చు. పాడైన బోర్డు మీద చల్లగా ఒకసారి, 70 డిగ్రీల దగ్గర ఒకసారి నడిపి ఇక్కడ పెట్టండి. అంకెలు చూడకుండా ఇక ఊహలు వద్దు.

ఓర్వకల్లు_ఎండ · మే 9, రాత్రి 11:10

పెడుతున్నాను సార్. ఈరోజంతా ఇదే పని. ఉదయం లాబ్‌లో కొలిచాం. మధ్యాహ్నం బోర్డును పెట్టెతో సహా మిద్దె మీదికి తీసుకెళ్లాం. హెయిర్ డ్రయ్యర్ కొనుక్కొచ్చాం గానీ అవసరం రాలేదు. రెండు గంటలకు చిప్ మీద 69 వచ్చింది. గొడుగు కింద కూర్చుని లాప్‌టాప్‌లో అంకెలు రాసుకున్నాం.

17వ నంబరు బోర్డు, చదివే ఆలస్యం. 0, 1, 3 బైట్లు బాగున్నాయి, మేం రాసిపెట్టిన విలువ వాటి మధ్యకు దగ్గరగానే ఉంది. 2వ బైట్ చూడండి. చల్లగా ఉన్నప్పుడు 50వ మెట్టు నుంచి 94 దాకా పాస్. మధ్య 72. మా కోడ్‌లో ఉన్నది 60. అంటే అంచుకు పది మెట్ల దూరంలో నిలబడ్డాం. ఎండలో అదే బైట్ 61 నుంచి 90. మేం ఉన్నది 60లో!

ఆ 61 చూసిన క్షణం మా వాళ్లెవరూ మాట్లాడలేదు. నెల రోజుల నుంచి వెతుకుతున్నది ఒక్క మెట్టులో కనబడింది.

ప్రొద్దుటూరు_లేఔట్ · మే 9, రాత్రి 11:25

అక్కా, 2వ బైట్ మధ్య 12 మెట్లు జరిగింది. అంటే 89 పికోసెకన్లు. గీతలో చూస్తే 12, 13 మిల్లీమీటర్లు. ఈథర్నెట్ చిప్ జరిపినప్పుడు ఆ బైటు డేటా గీతలు చుట్టూ తిప్పి ఉంటారు, స్ట్రోబ్‌ను మాత్రం పాత దారిలోనే వదిలేసి ఉంటారు. ఫైలులో పొడవులు చూడండి.

ఓర్వకల్లు_ఎండ · మే 10, ఉదయం 10:40

అక్షరాలా మీరు చెప్పినట్టే ఉంది. ఎనిమిది డేటా గీతలూ సుమారు 12 మిల్లీమీటర్లు పెరిగాయి, స్ట్రోబ్ పాతదే. రాసే వైపు కూడా అదే బైటు పక్కకు జరిగి ఉంది.

గడియారస్తంభం_సార్ · మే 10, ఉదయం 11:30

బాగా పట్టుకున్నారు. కానీ అమ్మా, లెక్క ఇంకా తేలలేదు. లేఔట్ తప్పు 40 బోర్డుల్లోనూ ఉంది. ఆగేవి 9. మిగతా 31 ఎందుకు నడుస్తున్నాయి? పైగా ఆ బైటుకు చల్లగా ఉన్నా 44 మెట్ల వెడల్పే ఉంది, ఎండలో కింది అంచు 11 మెట్లు జరిగింది. వేడి ఒక్కటే అంత జరపదు. నడుస్తున్న బోర్డు ఒకటి తెచ్చి కొలవండి. ఇంకోటి, జెడ్‌క్యూ రెసిస్టర్లు చూడండి.

ఫైనలియర్_ఈసీఈ · మే 10, మధ్యాహ్నం 12:15

సార్, జెడ్‌క్యూ అంటే?

గడియారస్తంభం_సార్ · మే 10, మధ్యాహ్నం 12:50

ప్రతి డీడీఆర్3 చిప్‌కూ బయట ఒక 240 ఓమ్‌ల రెసిస్టర్ పెడతారు, ఒక శాతానికి మించి తేడా ఉండకూడదు. చిప్ లోపలి ట్రాన్సిస్టర్లు వేడికి, వోల్టేజీకి మారిపోతుంటాయి. కాబట్టి గీతను నడిపే బలాన్ని ఆ బయటి రెసిస్టర్‌తో పోల్చుకుని చిప్ సరిచేసుకుంటుంది. అది చిప్‌కు తూకం రాయి లాంటిది. ఆ 240లో ఏడో వంతు తీసుకుంటే 34 ఓమ్‌ల డ్రైవ్, అదే గీతను నడిపే బలం. రాయే తప్పయితే అంగట్లో ప్రతి తూకమూ తప్పే, కానీ త్రాసు మాత్రం సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది.

మొదట లేచినప్పుడు పెద్ద క్యాలిబ్రేషన్ జరుగుతుంది, దానికి 512 క్లాకులు. తర్వాత మధ్యమధ్యలో 64 క్లాకుల చిన్నది ఇస్తూ ఉండాలి, వేడి మారేకొద్దీ సర్దుకోవడానికి.

ఓర్వకల్లు_ఎండ · మే 12, రాత్రి 8:50

సార్, మీకు ఎలా ధన్యవాదాలు చెప్పాలో తెలియడం లేదు.

నడుస్తున్న 4వ నంబరు బోర్డు: 2వ బైట్ చల్లగా 45 నుంచి 101, ఎండలో 48 నుంచి 98. అదే లేఔట్, అదే తప్పు విలువ 60. అంచు దూరంగా ఉంది కాబట్టి బతికిపోయింది.

17వ బోర్డులో రెండో చిప్ జెడ్‌క్యూ రెసిస్టర్ తీశాం. నువ్వుగింజంత ఉంటుంది, మీద అంకె కూడా ఉండదు, చూసి చెప్పలేం. పట్టకారుతో పట్టుకుని మీటర్ ముల్లు ఆనిస్తే 330 చూపించింది. రెండుసార్లు కొలిచాం. బోర్డులు అసెంబుల్ చేసినచోట అడిగితే, చివర్లో రీలు అయిపోతే కొన్ని బోర్డులకు ఆ ఒక్క రెసిస్టర్ చేత్తో పెట్టామన్నారు. మా ఎల్‌ఈడీలకు వాడేది 330. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఆ 9 బోర్డులూ అవే.

ఇంకా ఉంది. మధ్యమధ్యలో జరగాల్సిన చిన్న జెడ్‌క్యూ క్యాలిబ్రేషన్ మా బూట్ కోడ్‌లో ఆపేసి ఉంది. నమూనా రోజుల్లో ఏదో పరీక్ష కోసం ఆపి, మళ్లీ ఆన్ చేయలేదు. తెల్లవారి 25 డిగ్రీల్లో లేచిన బోర్డు ఆ సర్దుబాటుతోనే మధ్యాహ్నం 70 దాకా పోతోంది. ఆపింది నేనే.

కడప_రిపేరన్న · మే 12, రాత్రి 9:10

మూడు తప్పులు ఒకేచోట కలిస్తేగానీ బయటపడలేదన్నమాట. ఆ 31 కూడా వచ్చే ఎండాకాలం దాకా ఆగుతాయో లేదో. వదలకండి అక్కా.

ప్రొద్దుటూరు_లేఔట్ · మే 12, రాత్రి 9:40

ఇక ప్రతి బూట్‌లోనూ హార్డ్‌వేర్ క్యాలిబ్రేషనే నడపండి. యూబూట్ అనే బూట్ ప్రోగ్రాంలో ఐ.ఎంఎక్స్6 కోసం ఆ కోడ్ ఇప్పటికే ఉంది. బూట్ ఆలస్యం అవుతుందని భయపడేవాళ్లున్నారు గానీ, లాగర్‌కు ఆ కాస్త సమయం లెక్కలోది కాదు.

గడియారస్తంభం_సార్ · మే 13, ఉదయం 6:05

నేను కొంచెం విభేదిస్తాను. ప్రతి బూట్‌లో నడపడం మంచిదే, కానీ రెండు జాగ్రత్తలు. హార్డ్‌వేర్ యంత్రాంగం వాడేది చాలా సాదా పాటర్న్. పక్కపక్క గీతలన్నీ ఒకేసారి మారితే వచ్చే క్రాస్‌టాక్ (ఒక గీత అలజడి పక్క గీతకు తగలడం) అందులో బయటపడదు. అది చూపించే వెడల్పు నిజం పనిలో దొరికే దానికంటే ఎక్కువ. కాబట్టి తర్వాత సాఫ్ట్‌వేర్ స్ట్రెస్ టెస్ట్ తప్పనిసరి.

రెండోది, బూట్ ఏ వేడిలో జరిగితే ఆ వేడికే మధ్య దొరుకుతుంది. తెల్లవారి దొరికిన మధ్య మధ్యాహ్నానికి జరుగుతుంది. అందుకే ప్రతి బోర్డునూ పంపే ముందు చల్లగా, వేడిగా రెండుసార్లు కొలిచి, రెండిటికీ ఉమ్మడిగా పాసయ్యే మెట్లు ఎన్నో రాసిపెట్టుకోండి. అవి తక్కువగా ఉన్న బోర్డును గడప దాటనివ్వకండి.

ప్రొద్దుటూరు_లేఔట్ · మే 13, ఉదయం 9:00

ఒప్పుకుంటాను సార్. పాటర్న్ సంగతి నేను ఆలోచించలేదు.

ఓర్వకల్లు_ఎండ · మే 24, సాయంత్రం 7:30

పది రోజుల తర్వాత రాస్తున్నాను. 9 బోర్డులకూ 240 ఓమ్‌లు, ఒక శాతంవి, ఒక్కోటి మీటర్‌తో కొలిచి మరీ పెట్టాం. చిన్న జెడ్‌క్యూ క్యాలిబ్రేషన్ ఆన్ చేశాం. బూట్‌లో హార్డ్‌వేర్ క్యాలిబ్రేషన్ పెట్టాం. 17వ బోర్డు 2వ బైట్ ఇప్పుడు చల్లగా 44 నుంచి 100, మిద్దె మీద 46 నుంచి 97. నిలబడ్డది 72లో.

ఈ పది రోజుల్లో బయట 43 దాటిన రోజులు కూడా ఉన్నాయి. 9లో ఒక్కటీ ఆగలేదు. మిగతా 31కి ప్లాంటు నుంచే కొత్త బూట్ కోడ్ ఎక్కిస్తున్నాం, ఇంకా 14 ఉన్నాయి. లేఔట్ మూడో వెర్షన్‌లో 2వ బైట్ స్ట్రోబ్ సరిచేస్తున్నాం. ప్రొద్దుటూరు అన్నా, ఫైలు పంపిస్తే ఒకసారి చూస్తారా?

ప్రొద్దుటూరు_లేఔట్ · మే 24, రాత్రి 8:05

పంపండి అక్కా. ఆదివారం కూర్చుంటాను.

ఫైనలియర్_ఈసీఈ · మే 24, రాత్రి 8:20

అక్కా, నేను కర్నూలులోనే ఉంటాను. ఆ 14 బోర్డులు కొలిచేటప్పుడు నేనూ రావచ్చా? అంకెలు రాసిపెడతాను.

ఓర్వకల్లు_ఎండ · మే 24, రాత్రి 8:31

రా తమ్ముడూ. సోమవారం ఉదయం ఆరున్నరకు రాజ్‌విహార్ దగ్గర ఉండు, ఎండ ముదరకముందే చల్లటి రీడింగులు తీసుకోవాలి. టోపీ, నీళ్ల సీసా తెచ్చుకో.